మంచం దిగిన బాలింత

పెడన,
ఫిబ్రవరి 6

డాక్టరమ్మ ధనానికి, తెల్లకోటు చూసి భయపడని మీ పెద్దమ్మ రాస్తున్నది.

ఆడపిల్ల పుట్టిందని ఫోనులో చెప్పగానే ఎవరికో సీరియస్‌గా ఉందంటూ పెట్టేశావు. పిల్ల ఎవరి పోలికో కూడా అడగలేదు. అందుకే కాగితం పట్టుకున్నాను, దీన్నయితే మధ్యలో పెట్టెయ్యలేవు. నువ్వు ఆరో తరగతిలో హాస్టల్లో చేరినప్పటి నుంచీ చీరల మూటలో నీకు ఉత్తరం పెట్టి పంపడం నాకలవాటు. నువ్వు డాక్టరువి అయ్యావని నా అలవాటు మార్చుకోను. మీ పెదనాన్న రేపు బెజవాడ వన్ టౌన్‌లో హనుమయ్య గారి కొట్టుకు చీరలు తెస్తున్నారు. జవాబు ఆ కొట్టులోనే ఇచ్చిపో.

నీ చెల్లెలు రాజ్యానికి బందరు ఆసుపత్రిలో పెద్దాపరేషన్ చేసి బిడ్డను తీశారు. నాలుగో రోజున ఇంటికి తెచ్చుకున్నాం. నువ్వు పుట్టిన గదే, నేను పురుళ్ళు పోసే గది. కిటికీకి దుప్పటి కట్టాను. చెవుల్లో దూది, తలకు గుడ్డ, నడికట్టు, పొద్దునా సాయంత్రం సాంబ్రాణి. వెల్లుల్లి కారంతో రెండు ముద్దలు, నోరు తడుపుకోవడానికి కాసిని వేన్నీళ్ళు. అంతకు మించి నీళ్ళిస్తే పొట్ట జారిపోతుంది. ఫోను లాక్కున్నాను, బాలింత కళ్ళకు మంచిది కాదు. కాలు కిందపెట్టనివ్వడం లేదు. అన్నీ మంచం దగ్గరికే. ఎదురింటి అమలమ్మ వచ్చి, "మా కోడల్ని నేను మూడో రోజునుంచే నడిపించానమ్మా, నువ్వేంటి ఇలా బంధించావు" అని నవ్వింది. నవ్వనీ. ఈ మంచం నేను చెప్పినప్పుడే దిగుతుంది.

మీ చెల్లెలు సణుగుతూనే ఉంది. ఎడమకాలు బరువుగా ఉందట. చూశాను, కాస్త నీరు పట్టింది. బాలింత నీరు, అందరికీ ఉండేదే. వేడి ఇసుక మూటతో కాపడం పెడుతున్నాను.

పిల్ల నీ పోలిక. ఏడుపు కూడా నీదే, వీధి చివరికి వినిపిస్తుంది.

మీ పెద్దమ్మ
చౌడేశ్వరమ్మ


విజయవాడ,
ఫిబ్రవరి 9

పెద్దమ్మా,

నా పోలికయితే ఆ పిల్లకు మొండితనం కూడా వచ్చి ఉంటుంది, నీకు ముందుంది అసలు పని. ఉత్తరం చదివి నవ్వుకున్నాను. తర్వాత ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. అప్పటి నుంచీ నవ్వు రావడం లేదు.

ఎడమకాలు ఒక్కటేనా? రెండోది మామూలుగా ఉందా? పిక్క పట్టుకుంటే నొప్పి అంటోందా? వేడిగా, ఎర్రగా ఉందా? ఇవి నాకు వెంటనే కావాలి. నీ కోపం తర్వాత పంపు.

బాలింత నీరయితే రెండు కాళ్ళకూ వస్తుంది పెద్దమ్మా. ఒక్క కాలికి వస్తే మేం భయపడతాం. కాన్పయిన ఒంట్లో రక్తం మామూలు కంటే తొందరగా గడ్డ కడుతుంది. ఆపరేషనయితే ఇంకా తొందరగా. మంచం మీదే పడుకోబెట్టి, నీళ్ళు కూడా తాగనివ్వకపోతే చెప్పక్కర్లేదు. కాలి నరంలో కట్టిన ఆ గడ్డ ఊరికే ఉండదు. ఊడిందంటే రక్తంతో పాటు పైకి వచ్చి, గుండె దాటి, ఊపిరితిత్తిలోకి పోయే దారికి అడ్డం పడుతుంది.

మొన్న మా వార్డుకు ఇబ్రహీంపట్నం నుంచి ఒకాయన వచ్చాడు. కాలు విరిగి, కట్టుతో నెలరోజులుగా మంచంలో ఉన్నాడు. ఆయాసమని తెచ్చారు. ఈసీజీ తీస్తే గుండె వేగం తప్ప మాకెవరికీ ఏమీ కనబడలేదు. మా కృపానందం సారు వచ్చి పెన్ను పెట్టి చూపించాక కనబడింది. "ఈ జబ్బులో ఈసీజీ కొందరికే గుర్తు చూపిస్తుంది, చాలామందికి వేగం తప్ప ఏమీ చూపించదు. గుర్తు ఉంటే భయపడండి. లేదని మాత్రం ధైర్యపడకండి" అన్నారు. అప్పటి నుంచి ఎవరి ఈసీజీ చూసినా నాకు అదే వెతుకులాట.

చెల్లిని లేపు. రోజూ గదిలోనైనా నడిపించు. అడిగినన్ని మంచినీళ్ళివ్వు. కాపడం ఆపెయ్, కాలు మర్దన మాత్రం అసలు చెయ్యొద్దు. బందరు తీసుకెళ్ళి కాలికి స్కానింగ్ చేయించు. అది అరగంట పని.

ధనశ్రీ


పెడన,
ఫిబ్రవరి 12

ధనానికి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడుసార్లూ కోపమే వచ్చింది. కోత కోసిన పొట్టతో పిల్లను నడిపించాలా? నీ పుస్తకాల్లో రాసి ఉంటే రాసి ఉండనీ. ఆ ఇబ్రహీంపట్నం మనిషి కథ అంతా రాశావు, చివరికి ఏమయ్యాడో రాయలేదు. నేను ఏడో తరగతే చదివాను గానీ రాయని మాటలు కూడా చదవగలను.

అడిగావు కాబట్టి చెబుతున్నా. ఒక్క కాలే. పిక్క ముట్టుకుంటే మూలుగుతోంది. అయినా తగ్గుతుంది.

నువ్వు ఇంత దూరం లాగావు గనుక ఒక మాట రాయక తప్పడం లేదు. మీ అమ్మ రామతులసి జ్వరంతో పోయిందని నీకు చెబుతూ వచ్చాను. జ్వరం కాదు.

మాకు అమ్మ లేదు కదా, రామతులసికి పురుడు నేనే పోశాను, ఈ గదిలోనే. దానికి కాన్పు కష్టమైంది. ఇరవై ఒకటో రోజు స్నానం అయ్యేదాకా మంచం దిగొద్దని చెప్పాను. సరేనంది. తొమ్మిదో రోజున నేను దొడ్లో ఉండగా లేచింది. నీళ్ళ కోసం లేచింది, మొండిది. రెండడుగులు వేసి గుండె పట్టుకుని కూలిపోయింది. నేను వచ్చి పట్టుకునేసరికి పెదాలు నల్లబడ్డాయి. ఒక్క మాట కూడా లేదు. ఆర్‌ఎంపీ డాక్టరు వచ్చేసరికి అంతా అయిపోయింది. బాలింత నడిస్తే గాలి గుండెకెక్కిందన్నారు. పచ్చి ఒంటితో లేవనిస్తావా అని ఊరంతా నన్నే అడిగింది. మీ నాన్న ఏడాది తిరగకుండా మైలవరంలో ఇంకో పెళ్ళి చేసుకున్నాడు, నువ్వు నా ఒళ్ళోకి వచ్చావు.

ఇప్పుడు చెప్పు, నా పిల్లను లేపి నడిపించమంటావా? దాని కాలు నేలకు తాకుతుందేమోనని నేను రెప్ప వాల్చడం లేదు. కునుకు పడితే రామతులసే కనబడుతోంది. నువ్వు ఎంత చదివినా దాన్ని చూడలేదు, నేను చూశాను. నాకు భయం ధనం. నన్ను ఇంకేమీ అడగకు.

పెద్దమ్మ


విజయవాడ,
ఫిబ్రవరి 14

పెద్దమ్మా,

కొట్టులో పెదనాన్న ముందే నీ ఉత్తరం చదివి అక్కడే కూర్చుండిపోయాను. హనుమయ్య గారు సోడా తెప్పించారు. ఫోన్ చేస్తే నువ్వు తీసి, "రాసిందంతా చదివావా, అదే నా మాట" అని పెట్టేశావు. రాజ్యంతో మాట్లాడనివ్వలేదు. అందుకే మళ్ళీ ఈ కాగితం.

ఇబ్రహీంపట్నం ఆయన చనిపోయాడు. బాగానే ఉంది, బాత్‌రూముకు వెళ్ళొస్తానని లేచాడు. రెండడుగులు వేశాడు. నువ్వు అమ్మ గురించి రాసిన మాటలే, ఒక్కటి కూడా తేడా లేదు. గుండె పట్టుకోవడం, పెదాలు నల్లబడటం, మాట పడిపోవడం. నీకు చెబితే భయపడతావని రాయలేదు. ఇప్పుడు నువ్వు భయపడాలి పెద్దమ్మా. కానీ నువ్వు భయపడుతున్నది వేరే దానికి.

అమ్మకు కాలు వాచిందా? గుర్తు తెచ్చుకో. ఎడమకాలా? దానికి కూడా కాపడం పెట్టావా?

అమ్మను చూడలేదని రాశావు. నిజమే, ఫోటోలో తప్ప చూడలేదు. ఇన్నాళ్ళూ జ్వరం అనుకుని, చిన్నప్పుడు నాకు జ్వరం వస్తే నేనూ చచ్చిపోతాననుకునేదాన్ని. ఆ సంగతి తర్వాత మాట్లాడుకుందాం, నాకు ఇప్పుడు దానికి ఓపిక లేదు. ఇప్పుడు నాకు రాజ్యం కాలు తప్ప ఏదీ కనబడటం లేదు.

నాకు ఐసీయూ డ్యూటీ, మారేవాళ్ళు ఎవరూ లేరు, సెలవివ్వడం లేదు. గోపీనాథ్‌కు అంతా చెప్పాను. ఆటోనగర్‌లో వాళ్ళ ఓనరు కారు అడిగాడు. ఆదివారం వస్తున్నాడు, ఈ ఉత్తరం తెచ్చేది కూడా అతనే. రాజ్యం అతని పెళ్ళాం, నువ్వు ఆపడానికి లేదు. కారు వెనక సీట్లో పడుకోబెట్టి పంపు. నడిపించవద్దులే, ఎత్తుకునే రమ్మను. ఆ ఒక్క మాటకు నేను ఒప్పుకుంటున్నాను, నువ్వు ఇంకో మాటకు ఒప్పుకో.

నీకు దణ్ణం పెడతాను పెద్దమ్మా. పంపు.

ధనం


పెడన,
ఫిబ్రవరి 17

ధనానికి,

అల్లుడు వచ్చాడు. పంపలేదు.

ఇరవై ఒకటో రోజు స్నానం కాకుండా బాలింతను ఊరు దాటించనని చెప్పాను. కాళ్ళావేళ్ళా పడ్డాడు, పాపం మంచివాడు. మాటంటే ఎదురు చెప్పడం తెలీదు. పిల్లను కాసేపు ఎత్తుకుని, రాజ్యం తల నిమిరి, ఖాళీ కారుతో వెళ్ళిపోయాడు. వీధి మలుపు తిరిగేదాకా నేను గుమ్మంలోనే ఉన్నాను. పిలుద్దామని నోటిదాకా వచ్చింది. పిలవలేకపోయాను.

ఈ పొద్దున నేనూ అమలమ్మా కలిసి రాజ్యాన్ని మంచం మీదే కూర్చోబెట్టి ఒళ్ళు తుడుస్తుంటే దానికి ఆయాసం వచ్చింది. కూర్చున్న మనిషికే. గుండె అదరడం చీర మీద నుంచి కనబడింది. ఊపిరి పీలిస్తే ఇక్కడ పొడుస్తోందమ్మా అని డొక్క పట్టుకుంది. చెమటలు. పెదాల వైపు చూశాను. నల్లబడలేదు, కానీ ఎర్రగా కూడా లేవు.

నా చేతిలో చెంబు జారిపోయింది ధనం. అడుగు తీసి అడుగు వెయ్యలేదు నా పిల్ల. మరి ఎందుకొచ్చింది?

ఆటో పిలిచి మీ పెదనాన్నా నేనూ మోసి కూర్చోబెట్టి ఇక్కడి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఈసీజీ తీశారు. గుండె స్పీడుగా కొడుతోంది అంతే, రక్తం తక్కువ, బాలింత నీరసం, పైగా భయపడుతోంది అని టానిక్ రాసిచ్చారు. కాలు చూడమని అడుగుదామనుకున్నాను. వెనక చాలామంది ఉన్నారు, ఆయన బెల్లు కొట్టేశారు.

ఇంటికి తెచ్చాం. పడుకుంది. ఆయాసం అలాగే ఉంది. నీకు ఫోన్ చేస్తే నువ్వూ ఏడుస్తావు నేనూ ఏడుస్తాను, పక్కగదిలో అది వింటుంది. అందుకని ఆ గీతల కాగితం ఈ ఉత్తరంలో మడిచి పెట్టి మీ పెదనాన్నను బస్సెక్కిస్తున్నాను. కొట్టుకు కాదు, సరాసరి మీ ఆసుపత్రికే వస్తారు. చీరలు కూడా లేవు ఆయన చేతిలో. నువ్వు చూసి ఏమీ లేదని ఒక్క మాట చెప్పు.

పెద్దమ్మ


విజయవాడ, ఆసుపత్రి నుంచి
ఫిబ్రవరి 18

పెద్దమ్మా,

పెదనాన్న నోటి నుంచి మాట రావడం లేదు. ఇంటికొచ్చినా నీకేమీ చెప్పలేరు. అందుకే జరిగిందంతా ఆయన చేతికి రాసిస్తున్నాను. ఇందాక ఫోనులో "బానే ఉంది, పెట్టెయ్" అన్నాను. అది నీతో అనలేదు, నాకు నేను చెప్పుకున్నాను.

నిన్న పెదనాన్న నన్ను ఐసీయూ బయటకు పిలిపించి కాగితం చేతిలో పెట్టారు. పైన మెషీనే అచ్చు వేసిన ఒక లైను ఉంది, గుండె వేగం ఎక్కువ అని. ఆ లైను వరకూ చూస్తే మీ డాక్టరు చెప్పిందే. నేను కింద గీతలు చూశాను. మొదటి వరసలో కిందికి లోతుగా దిగిన గీత. మూడో వరస మొదట్లో చిన్న గుంట, చివర్లో పైకి లేవాల్సిన అల బోర్లా పడి ఉంది. ఛాతీ మీద పెట్టిన తీగల్లో కూడా, కుడివైపువి నాలుగూ బోర్లా. మాకు పరీక్షల్లో అడుగుతారు దీన్ని. ఎస్ వన్, క్యూ త్రీ, టీ త్రీ అని పాటలా బట్టీ పట్టాం. గుండె కుడివైపు గది, ముందు దారి మూసుకుపోయి, తోసి తోసి ఉబ్బిపోతే ఇలా వస్తుంది. పుస్తకంలో చూసినప్పుడు ఎంత బాగుందో అనుకున్నాను. చెల్లి పేరు కింద చూసి, కాగితంతో సారు దగ్గరికి పరిగెత్తాను.

కృపానందం సారు ఒక్కసారి చూసి, "ఈ అమ్మాయి ఎక్కడుంది?" అన్నారు. పెడనలో ఉంది సార్, మా చెల్లి అన్నాను. ఆ తర్వాత నీకు తెలుసు. నేను ఫోన్ చేసి అరిచాను, నువ్వు ఒక్క మాట ఎదురు చెప్పలేదు. అంబులెన్సు వచ్చింది. పిల్ల నీ దగ్గర ఉండిపోయింది.

దారిలో ఆక్సిజన్ పెట్టారు. స్కానింగులో రెండు ఊపిరితిత్తుల దారుల్లోనూ గడ్డలున్నాయి. ఎడమ తొడ నరంలో ఇంకా ఉంది. రక్తం గడ్డకట్టకుండా ఇంజెక్షను మొదలుపెట్టాం.

ఈ మధ్యాహ్నం బీపీ పడిపోయింది. అప్పుడు గడ్డను కరిగించే పెద్ద మందు ఇవ్వాలి. ఇస్తే గడ్డతో పాటు కడుపు లోపల ఆపరేషన్ కుట్ల దగ్గర కూడా రక్తం ఆగకుండా పోవచ్చు. ఇవ్వకపోతే గుండె ఆగిపోతుంది. గోపీనాథ్ నావైపు చూశాడు. "నువ్వు ఏమంటే అదే వదినా" అన్నాడు. సారు కూడా నావైపే చూశారు. పెద్దమ్మా, ఈ చదువు ఎందుకు చదివానా అనిపించింది.

ఇచ్చాం.

ఇప్పుడు మందు ఎక్కుతోంది. నేను దాని మంచం పక్కనే కూర్చుని రాస్తున్నాను. కొంచెం రక్తం పోతోంది, ఎక్కిస్తున్నాం. రేపటికి గానీ చెప్పలేం. నీకు అబద్ధం రాయలేను, నాకు భయంగా ఉంది. పెదనాన్నకు భోజనం పెట్టించాను గానీ తినలేదు. నువ్వైనా పెట్టు.

ధనం


పెడన,
ఫిబ్రవరి 19

ధనం తల్లీ,

నీ ఉత్తరం చదివి మీ పెదనాన్నకు వినిపించాను. ఆయన మగ్గం గుంటలో దిగి కూర్చున్నారు. నెయ్యడం లేదు, ఊరికే కూర్చున్నారు.

పిల్ల పాలకు ఏడుస్తోంది. అమలమ్మ కోడలు వచ్చి తన బిడ్డతో పాటు దీనికీ పాలిచ్చి పోతోంది. వాళ్ళ చర్చిలో రాజ్యం పేరు చెప్పి ప్రార్థన చేయించారట. నేను చౌడమ్మ తల్లికి ముడుపు కట్టాను. ఎవరు విన్నా సరే.

అడిగావు కదా, చెబుతున్నా. వాచింది. మీ అమ్మకూ ఎడమకాలే. కాపడం పెట్టాను. ఇదే గదిలో, ఇదే ఇసుక మూట.

ఒక్కటే అడుగుతాను, నన్ను ఓదార్చడానికి రాయకు. రామతులసిని చంపింది నేనేనా? ఇప్పుడు రాజ్యాన్ని కూడా నేనే చంపుకుంటున్నానా? దాని కాలు కింద పెట్టనివ్వకుండా ప్రాణం కాపాడుతున్నాననుకున్నాను. చెప్పు తల్లీ. నువ్వు డాక్టరువి, రామతులసి కూతురివి. ఈ మాట అడగడానికి నువ్వు తప్ప నాకెవరున్నారు.

అది బతికితేనే జవాబు రాయి. లేకపోతే రాయొద్దు, నాకు తెలిసిపోతుంది.

పెద్దమ్మ


విజయవాడ,
మార్చి 2

పెద్దమ్మా,

రాస్తున్నాను చూడు.

ఫోనులో రోజూ దాని గొంతు వింటూనే ఉన్నావు, అయినా కాగితం మీద ఉంటేనే నీకు నమ్మకం. మీ అమ్మాయి బతికింది. రక్తం నాలుగు సీసాలు ఎక్కించాం. రెండు రోజులు నేను దాని మానిటరు తప్ప వేరే మొహం చూడలేదు. మూడో రోజు పొద్దున గుండె వేగం తగ్గింది. ఈసీజీ తీశాం. బోర్లా పడ్డ అలలు ఇంకా అలాగే ఉన్నాయి, వాటికి టైం పడుతుందట. కానీ మొదటి వరసలో ఆ లోతు గీత మాయమైంది. సారు కాగితం నా చేతికిచ్చి వెళ్ళిపోయారు. నేను బాత్‌రూములోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చాను.

ఇక నీ ప్రశ్న. ఓదార్చొద్దన్నావు, సరే.

కదలనివ్వకపోవడం, నీళ్ళివ్వకపోవడం ఆ గడ్డకు సాయం చేశాయి. ఇది నిజం. ఆపరేషన్ చేసినవాళ్ళు ఇంటికి పంపేటప్పుడు నడిపించమని చెప్పలేదు, కాలు చూసుకోమని చెప్పలేదు. ఇదీ నిజమే. ఆ రోజు అంబులెన్సు ఎక్కించమంటే నువ్వు ఒక్క క్షణం ఆలస్యం చెయ్యలేదు. అదీ నిజమే. ఈ మూడింట్లో నీకు ఏది కావాలో అది తీసుకుంటావని నాకు తెలుసు, మొదటిదే తీసుకుంటావు.

అమ్మ సంగతి నేను ఖాయంగా చెప్పలేను. స్కానింగు లేదు, ఒక్క ఈసీజీ కూడా లేదు. కానీ ఎడమకాలు వాపు, తొమ్మిదో రోజు, లేవగానే కూలిపోవడం. సారుకు చెబితే తలూపారు. ఆ రోజుల్లో పెడనలో అది ఎవరికీ తెలిసేది కాదు పెద్దమ్మా. తెలిసినా అక్కడ మందు దొరికేది కాదు. అయితే ఒక్కటి ఖాయంగా చెబుతాను. అమ్మను చంపింది నడక కాదు. గడ్డ అప్పటికే కట్టి ఉంది. ఆ రోజు లేవకపోతే మర్నాడు మంచం మీద దగ్గితే ఊడేది. రెండడుగులు వేసిందని ఇన్నేళ్ళు అమ్మను తిట్టుకున్నావు, ఇక తిట్టకు.

వచ్చే వారం డిశ్చార్జి. ఆరు నెలలు మాత్రలు వాడాలి, నెలనెలా రక్త పరీక్ష. కానీ ఇక్కడ కొత్త చిక్కు వచ్చింది. రాజ్యం ఇప్పుడు కాలు కింద పెట్టడం లేదు. నేను చెప్పినా, సారు చెప్పినా వినడం లేదు. ఇబ్రహీంపట్నం ఆయన సంగతి గోపీనాథ్ నోరు జారి చెప్పేశాడు. లేస్తే చచ్చిపోతానంటుంది. ఫిజియో అమ్మాయి పట్టుకుని నిలబెడితే వణికిపోయి కూర్చుండిపోయింది. నడవకపోతే మళ్ళీ గడ్డ కడుతుందని దానికి ఎంత చెప్పినా ఎక్కదు.

నీ కూతురే. నువ్వే నడిపించాలి.

ధనం


పెడన,
ఏప్రిల్ 13

ధనానికి,

నాకు ఇవ్వడానికి నీకు ఇంతకంటే తేలికైన పని దొరకలేదా?

ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ దాన్ని నిలబెట్టాలని చూస్తున్నాను. బతిమాలాను, తిట్టాను, అన్నం పెట్టనన్నాను. గోడ పట్టుకుని బాత్‌రూము దాకా పోతుంది, మళ్ళీ వచ్చి మంచం ఎక్కేస్తుంది. నేను నేర్పిన భయమే కదా, బాగా వంటబట్టింది. నిజం చెప్పొద్దూ, అది నిలబడినప్పుడల్లా నా ప్రాణం కూడా గొంతులోకి వస్తుంది. నువ్వు రాసిన కాగితం దిండు కింద పెట్టుకుని పడుకుంటున్నాను. నడక కాదు, నడక కాదు అని చదువుకుంటాను. కళ్ళు మూసుకుంటే మాత్రం రామతులసే.

దాని గురించి నీకు ఒక అబద్ధం రాశాను. నీళ్ళ కోసం లేచిందన్నాను. నీళ్ళ కోసం కాదు.

నువ్వు ఏడ్చావు. గుక్కపట్టి ఏడ్చావు. నేను దొడ్లో నీ గుడ్డలే ఉతుకుతున్నాను. వినబడింది, ఈ రెండు పిండేసి పోదామనుకున్నాను. నేను గుమ్మంలోకి వచ్చేసరికి మీ అమ్మ నిన్ను ఉయ్యాల్లోంచి తీసి ఎత్తుకుని నిలబడి ఉంది. నువ్వు ఊరుకున్నావు. నన్ను చూసి ఏదో అనబోయింది. మొహం మారిపోయింది. నిన్ను నా చేతులకు అందించింది. నేను అందుకున్నాక కూలిపోయింది. అందుకునేదాకా పడలేదు ధనం. నిన్ను కిందపడనివ్వలేదు.

నీ ఏడుపు వల్ల మీ అమ్మ పోయిందని ఒక్క రోజు కూడా నువ్వు అనుకోకూడదని జ్వరం అని చెప్పాను. మొన్న నడక అని ఒప్పుకోవాల్సి వచ్చినా, ఎందుకు లేచిందో మాత్రం దాచాను. ఇప్పుడు నువ్వే రాశావు, లేవడం వల్ల కాదని. ఆ మాట నాకోసం రాశావు. నీకు కూడా ఉంచుకో.

ఇవాళ మధ్యాహ్నం సంగతి చెబుతాను. మీ పెదనాన్న మగ్గం మీద ఉన్నారు. పిల్ల ఉయ్యాల్లో లేచి ఏడుపు మొదలుపెట్టింది. నేను గుమ్మంలో ఉన్నాను, నాలుగడుగులు వేస్తే ఎత్తుకోవచ్చు. రాజ్యం మంచం మీద నుంచి నావైపు చూసింది, ఎత్తుకో అన్నట్టు. నేను కదల్లేదు. గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. పిల్ల గుక్కపట్టింది. అయినా కదల్లేదు. 

"లేమ్మా, బిడ్డ ఏడుస్తోంది, లేచి ఎత్తుకో" అన్నాను. నా నోటితో నేనే అన్నాను.

"అమ్మా, భయమేస్తోంది" అంది. 

"నాక్కూడా. లే" అన్నాను.

లేచింది. మంచం కోడు వదిలేసింది. ఉయ్యాల దాకా నడిచింది. పిల్లను తీసి భుజాన వేసుకుంది. నా చేతులు వాటంతటవే ముందుకు వెళ్ళిపోయాయి, అందుకోవడానికి. దాని పెదాలే చూస్తున్నాను.

పిల్లను నాకు ఇవ్వలేదు. "జరుగమ్మా, దారికడ్డం నిలబడ్డావ్" అని నన్ను పక్కకు తోసి, దాన్ని ఎత్తుకుని వీధి అరుగు మీదికి వెళ్ళిపోయింది.

పెద్దమ్మ